ఎవరి పళ్లెం వాళ్లే కడగాలి
అడవి గుడిసెలో జిడ్డు కృష్ణమూర్తి



ఈసారి మనం చెప్పుకోబోయే మనిషి బౌద్ధ దీక్ష తీసుకున్నవాడు కాదు. బాబాసాహెబ్ ఉద్యమంలో నడిచినవాడూ కాదు. పుట్టింది మాత్రం మన మదనపల్లెలోనే, ఒక బ్రాహ్మణ కుటుంబంలో. పేరు మీరు వినే ఉంటారు, జిడ్డు కృష్ణమూర్తి. మరి ఆయన సంగతి మనకెందుకు అంటారా? ఆయన జీవితంలో ఒక మూడు వారాల ముచ్చట ఉంది. అది మన ఇంటి వంటగదిని, మన విహారాన్ని ఒక ప్రశ్న అడుగుతుంది. అందుకని చెప్పుకుందాం.

కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టారు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరింది. తండ్రి నారాయణయ్య రెవిన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసినారు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టుకున్నారు. పిల్లవాడికి పదేళ్లు వచ్చేసరికి 1905లో తల్లి పోయింది. ఉద్యోగం అయిపోయినాక తండ్రి 1909లో పిల్లలను వెంటేసుకుని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరినాడు.

అక్కడ కథ మలుపు తిరిగింది. సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న ఈ బక్కపిల్లవాణ్ణి లెడ్‌బీటర్ అనే తెల్లదొర చూసి, ఇతను గొప్పవాడవుతాడని తేల్చినాడు. మైత్రేయుడు ఇతని శరీరం ద్వారానే లోకానికి బోధిస్తాడని ఆ సమాజం పెద్దలు ప్రకటించారు. అనిబిసెంటమ్మ అతన్ని పెంచుకుంది. 1911లో అతని పేరు మీద ఒక సంఘమే పెట్టేశారు. మైత్రేయుడనే మాట మన బౌద్ధానిదేనని గమనించండి. ఆ మాట పట్టుకుని, పద్నాలుగేళ్లు దాటని పిల్లవాణ్ణి జగద్గురువును చేసే పని మొదలైంది.

ఇంగ్లండులో చదువు, పెద్దింటి దొరసానుల ఆదరణ, ఏ దేశం పోయినా కాళ్లకు దండాలు పెట్టే జనం. హాలండులో ఒక జమీందారు తన కోటనూ భూములనూ రాసిచ్చినాడు. ఇట్లాంటి బతుకులో తాను తాగిన గ్లాసు తాను కడగాల్సిన అవసరం ఎవరికి వస్తుంది చెప్పండి?

1925లో తమ్ముడు నిత్యానంద క్షయ రోగంతో అమెరికాలోని ఒహాయ్‌లో చనిపోయాడు. మహాత్ములు తమ్ముణ్ణి కాపాడతారని కృష్ణమూర్తి గట్టిగా నమ్మి ఉండె. ఆ నమ్మకం కూలింది. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్‌లో వేలమంది భక్తుల ముందు నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేసేశారు. తనకు శిష్యులు వద్దన్నారు. కోటను, భూములను ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశారు. బుద్ధుడు మార్గం చూపినవాడే కానీ మోక్షం పంచిపెట్టేవాడు కాదని బాబాసాహెబ్ మనకు నేర్పించారు కదా. ఆ పాఠం తెలిసిన మనకు ఈ పని విలువ బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ మూడు వారాల దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కృష్ణమూర్తి అమెరికాలో ఒహాయ్‌లోనే ఉండిపోయారు. కొన్నేళ్లు బహిరంగ ప్రసంగాలు ఆపేశారు. అక్కడ కూరగాయలు పండించుకున్నారు, ఆవును మేపినారు, కోళ్లు, తేనెటీగలు పెంచినారు. 1942లో సెకోయా అడవికి పోయినారు. అది మన హార్స్లీ కొండకంటే ఎత్తైన చోటు, సుమారు ఆరువేల అడుగులు. వెంట వచ్చినవాళ్లు వెళ్లిపోయినాక, దుంగలతో కట్టిన ఒక గుడిసెలో ఒక్కరే మూడు వారాలు ఉన్నారు.

వంటమనిషి లేడు, పనిమనిషి లేడు. దండం పెట్టేవాడు అసలే లేడు. పొయ్యి తానే ముట్టించుకోవాలి, తిన్న పళ్లెం తానే కడుక్కోవాలి, గది తానే ఊడ్చుకోవాలి. రోజుకు పది మైళ్లదాకా అడవిలో నడిచేవారు. రెండు గంటలు మౌనంగా కూర్చునేవారు. ఆ అడవుల్లో ఒకసారి పిల్లలతో ఉన్న తల్లి ఎలుగుబంటి ఎదురైంది. ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు. ఆయన కదల్లేదు, భయపడలేదు. కాసేపటికి నిదానంగా వెనక్కు తిరిగి వచ్చేశారు.

ఆ సెకోయా చెట్లలో కొన్నింటికి మూడువేల ఏళ్ల పైబడిన వయసు ఉంటుంది. అంటే రాజగృహ వీధుల్లో తథాగతుడు భిక్షకు నడిచిన రోజుల్లో కూడా అవి నిలబడే ఉన్నాయి.

అడవి అన్నాము, మౌనం అన్నాము. మన ధమ్మంలో ఇది కొత్తదేమీ కాదు. అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు అనే ముగ్గురు భిక్షువులు ఒక వనంలో కలిసి ఉండేవారు. అనురుద్ధుడు శాక్యుల ఇంట అతి సుకుమారంగా పెరిగినవాడు. అయినా ఆ వనంలో వాళ్ల పద్ధతి చూడండి. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు వేసి, తాగే నీళ్లు పెట్టేవాడు. చివర వచ్చినవాడు తిని, అన్నీ సర్ది, చోటంతా ఊడ్చేవాడు. నీళ్ల కుండ ఖాళీ అయితే చూసినవాడే నింపేవాడు. ఒక్కడికి బరువైతే చేత్తో సైగ చేసి ఇంకొకణ్ణి పిలిచేవాడు, నోరు విప్పేవాడు కాదు. ఐదు రోజులకు ఒకసారి రాత్రంతా ధమ్మం మాట్లాడుకునేవారు. బుద్ధుడు వచ్చి చూసి సంతోషించాడు.

ఇంకో సంగతి. ఒక భిక్షువు విరేచనాలతో తన మలంలోనే పడి ఉంటే ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు, ఆనందుడు ఇద్దరూ నీళ్లు తెచ్చి, తమ చేతులతో కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ పనికి ఫలానా కులపోణ్ణి పిలవండి అని బుద్ధుడు అనలేదు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. మన తాతలు ఊరి కసువు ఊడ్చినారు, చచ్చిన గొడ్డును మోసినారు. మన అవ్వలు పెద్దిండ్ల వెనక వాకిట్లో నిలబడి బోకులు తోమినారు. వాళ్లు కోరుకున్న పని కాదది. కృష్ణమూర్తి మూడు వారాలు తన గది తాను ఊడ్చుకుంటే ఆయన చరిత్రలోకి ఎక్కింది. మన అవ్వ అరవై ఏండ్లు ఊడిస్తే ఎవరూ రాయలేదు. కాబట్టి ఊడ్చడం పవిత్రమైన పని, మీరు చేస్తూనే ఉండండి అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అది మన మెడకు మళ్లీ పాత పలుపు కట్టడమే. తన మురికి తాను తీసుకోవడం ధమ్మం. తన మురికి ఇంకొకరి నెత్తిన వేయడం కులం.

అదే 1942 జూలైలో బాబాసాహెబ్ ఢిల్లీలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటలుగా ఉన్న పనిని 48 గంటలకు తగ్గించే చట్ట సవరణను ఆయన ముందుకు తెచ్చారు. 1946లో అది చట్టమైంది. దీన్ని ఆ అడవి గుడిసె పక్కన పెట్టి చూడండి. మౌనానికి తీరిక కావాలి. ఒళ్లు హూనమయ్యేదాకా పనిచేసినవాడికి ధ్యానం యాడిది? నిద్రే కదా వచ్చేది! కృష్ణమూర్తి తన తీరికలో తన పని తాను చేసుకున్నారు. బాబాసాహెబ్ తీరిక లేనివాళ్లకు తీరిక సంపాదించి పెట్టారు. రెండోది పెద్ద పని. అందుకే సంఘాలు వద్దన్న కృష్ణమూర్తి మాట మనం తీసుకోలేం. సంఘం మన మూడు శరణాల్లో ఒకటి. సంఘం లేకపోతే మనం ఇంకా వెలివాడలోనే ఉండేవాళ్లం.

ఆ తర్వాత కృష్ణమూర్తి 1947లో ఇండియాకు వచ్చారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడికి ఎన్నోసార్లు వచ్చి పిల్లలతో మాట్లాడినారు. తొంభై ఏళ్లు దాటినాక, 1986 ఫిబ్రవరి 17న, తమ్ముడు పోయిన ఆ ఒహాయ్‌లోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నాం. బుద్ధ పూర్ణిమ రోజు విహారంలో మగవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని ముందు వరుసలో కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఆ సమయంలో పాయసం గిన్నెలు తోమేది ఎవరు? ఇంట్లో మీరు ధ్యానం చేస్తుంటే, చప్పుడు కాకుండా పిల్లవాణ్ణి పక్కకు తీసుకుపోయేది ఎవరు? ఆమెకు ఎప్పుడు మౌనం దొరికింది? పెద్దిండ్లవాళ్లు మన అవ్వకు చేసింది, మనం మన ఇంటి ఆడమనిషికి చేస్తే బాబాసాహెబ్ ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడతాం?

తలకోన అడవికి పోయి గుడిసె వేసుకోనక్కర్లేదు. ఈ వర్షావాసంలో ఒక్క ఆదివారం మొదలుపెట్టండి. తెల్లారి మీరే లేచి వాకిలి ఊడ్చండి. తిన్న పళ్లెం మీరే కడగండి. నీళ్ల బిందె ఖాళీ అయితే చెప్పించుకోకుండా నింపండి. ఆమెను ఒక అరగంట కూర్చోమనండి. ఆ అరగంట ఆమెను ఎవరూ పిలవకుండా చూసే బాధ్యత మీది. తర్వాతి ఆదివారం విహారంలో గిన్నెల వంతు మగవాళ్లు తీసుకోండి.

అట్లా చేసి చూసినాక మీరు కళ్లు మూసుకుని కూర్చోండి. ఆ మౌనం ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు కాబట్టి మనసు త్వరగా కుదురుతుంది.

జై భీమ్! నమో బుద్ధాయ!