వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్

బందరు తీరాన్ని తాకే సముద్రమే విశాఖపట్నం తీరాన్నీ తాకుతున్నది. విశాఖ రేవుకు అనతిదూరంలో, ఆ సముద్రగర్భంలో, ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి 1971 డిసెంబరు నుండి పడి ఉన్నది. దాని కథతో ముడిపడిన జీవితం వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్‌ది.

ఆయన 1919లో జన్మించారు. ఆంగ్లేయుల పాలనాకాలంలోనే నౌకాదళంలో చేరి, రెండవ ప్రపంచ యుద్ధంలో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పొందారు. 1971 నాటికి విశాఖ కేంద్రంగా గల తూర్పు నౌకాదళ కమాండుకు అధిపతి అయ్యారు.

ఆ పదవితోపాటు ఒక చిక్కు కూడా ఆయనకు సంక్రమించింది. విమానవాహక నౌక విక్రాంత్ బాయిలరు బీటలువారినందున అది పూర్తివేగంతో నడవలేదు. మందగమన నౌక జలాంతర్గామికి సులభలక్ష్యం. నీటి అడుగున పొంచిన శత్రువును ధ్వనితరంగాల ద్వారా పసిగట్టగల రక్షకనౌకలు చుట్టూ సాగితేనే దానికి క్షేమం. అట్టివి ఆయన వద్ద బ్రహ్మపుత్ర, బియాస్ మొదలైన కొద్ది మాత్రమే. కాపలా చాలనప్పుడు కాపాడవలసినదానిని దాచడమే యుక్తమని ఆయన నిశ్చయించారు. విక్రాంత్ గుట్టుగా అండమాను దీవులకు తరలిపోయింది.

విశాఖలో మాత్రం అది ఉన్నట్లే నటన సాగింది. రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయరు విక్రాంత్ వేషం ధరించి నిస్తంత్రీ సందేశాలను విరివిగా పంపింది. ఒక నావికుడు తల్లి జబ్బును గురించి విచారిస్తున్నట్లు, రహస్యలిపి లేని సందేశం ఒకటి కల్పించారు. యుద్ధంలో తల్లి జబ్బు సైతం ఆయుధమే కాబోలు!

నవంబరు 14న కరాచీ విడిచిన ఘాజీ, విక్రాంత్‌ను వెదకుతూ, రేవు ముందు మందుపాతరలు పరచడానికి విశాఖ చేరింది. డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి అది పేలి మునిగిపోయింది. 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బ్రతకలేదు. రాజ్‌పుత్ విడిచిన డెప్త్ చార్జీలే కారణమని మనవారు, తన మందుపాతరలే పేలాయని పాకిస్తాను వారు చెప్పారు. కృష్ణన్ మొదటి వాదాన్నే చివరివరకు నిలబెట్టారు. ఈ వివాదానికంటె, విక్రాంత్ లేని చోటికి ఘాజీ రావడమే గమనింపదగిన విషయమని నా అభిప్రాయం. దాని శిథిలాలలో కొన్ని మొదట చిక్కినది మన జాలరులకే.

నిశ్చింతగా బయలుదేరిన విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్‌బజారు రేవులపై దాడి చేశాయి. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగినప్పుడు కృష్ణన్ అక్కడే నిలిచి ఉన్నారు. ప్రభుత్వం పద్మభూషణ్‌తో ఆయనను గౌరవించింది. 1982లో ఆయన కన్నుమూశారు.