కలరా విషం గుట్టు విప్పిన శంభునాథ్ డే

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరగానే నాకు కలకత్తా డాక్టరు శంభునాథ్ డే గారు గుర్తుకు వచ్చారు. అందుకు కారణం మా బోగోలులో నా చిన్నతనంలో జరిగిన ఒక సంఘటన.

మా చిన్నాన్నకు కలరా సోకింది. ఆయన దాహంతో అల్లాడిపోతున్నా, నీళ్ళు తాగితే విరేచనాలు ఎక్కువవుతాయని పెద్దలు గుక్కెడు కూడా పట్టనివ్వలేదు. తెల్లవారేసరికి ఆయన పోయారు. చెంబు దాచింది మా నాయనమ్మే. ఆమె తెలిసి చేసిన తప్పు కాదది. అసలు ఆ జబ్బు ఒంట్లో ఏం చేస్తుందో అప్పటికి వైద్యులకే పూర్తిగా తెలియదు.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తా వచ్చి కలరా క్రిమిని గుర్తించారు. అది ఏదో విషం వదులుతుందని ఆయన అనుమానించారు గాని, ఆ విషం 75 ఏళ్ళపాటు ఎవరికీ చిక్కలేదు.

డే గారు 1915 ఫిబ్రవరి 1న బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. కలకత్తాలో వైద్యం చదివి, 1949లో లండన్‌లో పిహెచ్.డి. పొంది, స్వదేశానికి తిరిగి వచ్చారు. అంతకుముందు చాలామంది కలరా క్రిములను జంతువుల రక్తంలోకో, పొట్ట కుహరంలోకో ఎక్కించి చూసేవారు. జబ్బు చేసేది పేగుకు గనుక పేగులోనే చూడాలని డే గారు తలచారు. 1953లో కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండువైపులా కట్టి, అందులోకి క్రిములను పంపారు. ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. 1959లో క్రిములను పూర్తిగా వడకట్టి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే పంపారు. అయినా పేగు ఉబ్బింది. విషం క్రిమి బయటకు వదిలేదేనని ఋజువైంది.

ఆ విషం కణాన్ని చీల్చదని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. దానిలోని ఐదు భాగాలు పేగు కణం పైపొర మీద ఉండే జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. ఆరో భాగం లోపలికి చేరి ఒక మీటను నొక్కిపెడుతుంది. మన బిట్రగుంటలో ఆవిరి ఇంజనుకు నీళ్ళు పట్టే కొళాయిని తిప్పి అలాగే వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అదే విధంగా కణంలోని ఉప్పు, దానివెంట నీరు ఆగకుండా పేగులోకి వచ్చేస్తాయి.

అయితే చక్కెరతో కలిసి ఉప్పును లోపలికి తీసుకునే దారి మాత్రం చెడదు. చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు ప్రాణం నిలుపుతున్నది ఆ దారి వల్లనే. 1971లో బంగావ్ కాందిశీకుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఈ నీళ్ళే తాగించి, సుమారు 30 శాతం ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించారు.

డే గారు 1973లో మనలాగే పదవీ విరమణ చేశారు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించారు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆయనను ఆహ్వానించారు. బహుమతి మాత్రం రాలేదు. స్వదేశంలోనూ చెప్పుకోదగ్గ గౌరవం దక్కకుండానే 1985 ఏప్రిల్ 15న కన్నుమూశారు.

మనవలకు, మనవరాళ్ళకు విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు మాన్పించకండి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద వ్రాసిన కొలత నీటిలో కలిపి కొద్దికొద్దిగా పట్టిస్తూ, డాక్టరుకు చూపించండి. ఆ గ్లాసు అందించేటప్పుడు మా చిన్నాన్న నాకు గుర్తుకు వస్తాడు. మీకు డే గారు గుర్తుకు వస్తే చాలు.