కొండకోనలకు పట్టం కట్టిన దామెర్ల

రాంబిల్లి: తూర్పు కనుమల్లో పుట్టిన శారదా నది రాంబిల్లి ప్రాంతంలో సముద్రాన్ని చేరుతుంది. ఆ కనుమలనూ, వాటిని చీల్చుకుని వచ్చే గోదావరినీ తన కుంచెకు వస్తువుగా స్వీకరించిన తొలితరం ఆధునిక ఆంధ్ర చిత్రకారుడు దామెర్ల రామారావు.

మన సంప్రదాయ చిత్రకళలో అడవి, కొండ చిరకాలం పురాణ కథలకు నేపథ్యంగానే ఉండేవి.  1792-93లో దక్షిణాదిన పర్యటించిన ఆంగ్ల చిత్రకారులు థామస్, విలియం డేనియల్‌లు కొండలను, జలపాతాలను చిత్రించినా, అది దూరదేశపు వింతను తమవారికి చూపే దృష్టి. ఈ నేలపై పుట్టినవారు తమ కొండలను తామే చూసి గీయడానికి మరో శతాబ్దానికి పైగా పట్టింది.

రామారావు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. ఆయన రామారావు ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. అడవి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరిన రామారావు 1920లో చదువు ముగించారు. అజంతా చిత్రాల సంప్రదాయాన్ని, పాశ్చాత్య శిక్షణను రెండింటినీ జీర్ణించుకున్నారు.

అడవిలో పెరిగిన ఋష్యశృంగుని కథ ఆధారంగా వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి లభించింది. అందులో వనం కథకు తోడు. 'తూర్పు కనుమల్లో గోదావరి' చిత్రంలో మాత్రం కథ లేదు. నది, కొండలే అందులో కథానాయకులు. ప్రకృతి మరొకరికి అలంకారంగా కాక తనంత తానుగా చిత్రవస్తువయింది.

స్వస్థలంలో చిత్రకళాశాలను నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దుతున్న దశలోనే మశూచి సోకి, 1925 ఫిబ్రవరిలో, 28 ఏళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించారు. రాజమహేంద్రవరంలో రామారావు పేరిట వెలసిన ఆర్ట్ గ్యాలరీలో ఆయన చిత్రాలు ఉన్నాయి.

కనుమల మధ్య గోదావరి సాగే పాపికొండల లోయ పోలవరం ప్రాజెక్టుకు ఎగువనే ఉంది. నీటిమట్టం పెరిగేకొద్దీ అక్కడి తీరరేఖ మారక తప్పదు. నూరేళ్ల క్రితం అందం కోసం గీసిన చిత్రం రేపటి తరానికి ఆ నది పూర్వరూపాన్ని తెలిపే సాక్ష్యం కానుంది. ఆ వర్ణచిత్రాలను పదిలపరచుకోవలసిన బాధ్యత ఇందుకే మరింత పెరిగింది.