లేఖారచయిత్రి సూరి నాగమ్మ

తమిళనాడులోని తిరువణ్ణామలై పట్టణాన్ని ఆనుకొని అరుణాచలమనే కొండ ఉంది. దాని ఎత్తు సుమారు 800 మీటర్లు. కొండ చుట్టూ సాగే బాట దాదాపు 14 కిలోమీటర్లు. సికింద్రాబాదు రైల్వేస్టేషను నుండి చార్మినారు వరకు నడిచి వెళ్ళినా అంతదూరం ఉండదు. ఆ బాటలో పాదరక్షలు లేకుండా, కొండను కుడిచేతివైపు ఉంచుకొని నడవడాన్ని గిరిప్రదక్షిణం అంటారు. 1940వ దశకంలో ఆ బాట వెంట నడిచినవారిలో గుంటూరు జిల్లానుండి వచ్చిన ఒక తెలుగు స్త్రీ ఉన్నారు. ఆమె బడి ముఖం చూసినవారు కారు. పట్టాలు లేవు, పదవులు లేవు, తనదంటూ ఒక ఇల్లైనా లేదు. అయినా ఆ కొండపాదాన ఆమె చూసినదీ విన్నదీ కాగితం మీద పెట్టకపోయి ఉంటే తెలుగు లేఖాసాహిత్యంలో ఒక పెద్ద వెలితి మిగిలిపోయేది. ఆమె పేరు సూరి నాగమ్మ.

నాగమ్మ 1902లో గుంటూరు జిల్లా కొలనుకొండ గ్రామంలో జన్మించారు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని, పదేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకొన్నారు. ఆనాటి ఆచారం ప్రకారం ఊహ తెలియని వయసులోనే వివాహం జరిగింది. కాపురమంటే ఏమిటో తెలియకముందే భర్త మరణించారు. ఆమెకు మిగిలింది అత్తవారి ఇంటిపేరు ఒక్కటే.

ఆ రోజులలో బాలవితంతువు అనే మాటకు ఉన్న బరువు నేటి విద్యార్థులకు వెంటనే అందదు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. నాగమ్మ పుట్టేనాటికే ఆ సంఘటనకు ఇరవై ఏళ్ళు నిండాయి. కాని చట్టం పల్లెటూరి వంటింటి గడప దాటి లోపలికి రావడానికి ఆ ఇరవై ఏళ్ళు చాలలేదు. శుభకార్యాలకు దూరంగా ఉండడం, రంగులూ నగలూ విడిచిపెట్టడం, అన్నదమ్ముల ఇళ్ళలో చాకిరీ చేస్తూ బతుకు వెళ్ళదీయడం - పన్నెండేళ్ళు నిండీ నిండని పిల్ల ముందు సమాజం పరచిన దారి ఇదే.

ఆ దారికి పక్కగా ఒక సన్నని కాలిబాటను చదువు చూపించింది. దానిని చదువు అనడం కంటే చదవడం అనడం ఉచితం. ఇంటిపట్టునే అక్షరాలు కూడబలుక్కొని, బమ్మెర పోతన భాగవతం వంటి గ్రంథాలను ఆమె పట్టుకొన్నారు. అర్థం తెలిసిన పద్యాన్నీ, తెలియని పద్యాన్నీ కూడా కంఠస్థం చేశారు. మన పల్లెల్లో అక్షరం రాని ముసలివారు సైతం భాగవత పద్యాలు చదివేవారు కనుక ఇది వింత కాదు. వింత ఏమిటంటే, కంఠస్థం చేసిన పద్యాలు ఆమెలో అంతటితో ఆగలేదు. ఛందస్సు చెవికి పట్టుబడి, తానే పద్యాలు అల్లసాగారు. ఒంటరితనం, అనారోగ్యం, మనోవేదన - వీటి మధ్య ఆమెకు దొరికిన తోడు ఆ పద్యాలే.

ఆమె సోదరుడు డి.యస్. శాస్త్రి. బ్యాంకు ఉద్యోగి, ఆధ్యాత్మిక చింతన కలవారు. ఆయన అరుణాచలం వెళ్ళి రమణ మహర్షిని దర్శించి వచ్చి చెల్లెలితో ఆ విశేషాలు చెప్పారు. 1941లో నాగమ్మ తిరువణ్ణామలై చేరుకొన్నారు.

రమణ మహర్షి పదహారేళ్ళ వయసులో, 1896 సెప్టెంబరు 1న ఆ ఊరికి వచ్చి, తిరిగి ఏనాడూ పొలిమేర దాటనివారు. 1916 వరకు విరూపాక్ష గుహలోను, ఆ తరువాత 1922 వరకు కొండ మీదనే ఉన్న స్కందాశ్రమంలోను నివసించి, తల్లి మరణానంతరం కొండ దిగువకు వచ్చారు. ఆ స్థలంలోనే రమణాశ్రమం వెలిసింది. తెలుగువారికి ఆయనతో అనుబంధం మొదటినుండీ ఉంది. ఆయనకు భగవాన్ శ్రీ రమణ మహర్షి అని 1907లో పేరుపెట్టింది విజయనగర ప్రాంతపు పండితుడు కావ్యకంఠ గణపతిముని. రమణులు తెలుగు చదవగలరు, మాట్లాడగలరు. తమ ఉపదేశసారాన్ని తమిళ సంస్కృత మలయాళాలతోపాటు తెలుగులోనూ రచించారు. నాగమ్మకు భాష అడ్డు రాలేదు.

అడ్డు వచ్చినవి వేరే ఉన్నాయి. స్త్రీలు రాత్రివేళ ఆశ్రమంలో ఉండరాదని నియమం. చీకటి పడకముందే వెళ్ళిపోవాలి. కనుక నాగమ్మ ఆశ్రమం వెలుపల బస ఏర్పరచుకొన్నారు. ఉదయం రావడం, సభామండపంలో స్త్రీలకు కేటాయించిన వైపున కూర్చోవడం, సాయంకాలం తిరిగి వెళ్ళడం. మొదట్లో నలుగురిలో నోరు విప్పడానికే ఆమెకు బెరుకు. మనసులోని మాటను పద్యాలలో రాసి మహర్షికి సమర్పించుకొన్నారే తప్ప ఎదుట నిలిచి అడగలేకపోయారు. బెరుకు గల మనిషి ఎక్కువగా వింటుంది, ఎక్కువగా చూస్తుంది. సాయంత్రం ఇల్లు చేరాక అన్నీ నెమరు వేసుకొంటుంది. రాత్రి ఆశ్రమంలో ఉండనీయని ఆ నియమమే ఆమెకు రాసుకోవడానికి తీరిక ఇచ్చిందేమో అనిపిస్తుంది.

గిరిప్రదక్షిణం ఆమె లేఖలలో పలుచోట్ల కనిపిస్తుంది. ఆనాటి బాట నేటి తారురోడ్డు కాదు. ఇరువైపులా చెట్లు, అక్కడక్కడ కోనేళ్ళు, మండపాలు, అష్టదిక్కులకూ ఎనిమిది లింగాల గుడులు, కొండకు వెనుకవైపు ఆది అణ్ణామలై గ్రామం. నాలుగడుగులు వేసేసరికి కొండ రూపం మారిపోతుంది. ఒకచోట ఒకే శిఖరంగా నిలిచిన కొండ మరొకచోట అనేక శిఖరాలుగా చీలుతుంది. నిండు నెలల గర్భిణి అయిన రాణి ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా ఆ కొండ చుట్టూ నడవాలని సంప్రదాయం చెబుతుంది. అలా నడిచేవారికి చూడడానికి వ్యవధి చిక్కుతుంది. 1926 తరువాత మహర్షి ప్రదక్షిణం మానివేశారు. నాగమ్మ వచ్చేనాటికి ఆయన వెంట నడిచే భాగ్యం ఎవరికీ లేదు. కాని పాతరోజులలో భక్తులతో కలిసి బయలుదేరి, దారిలో వండుకొని తింటూ, రెండు మూడు రోజులు నడిచిన ముచ్చట్లను ఆయన చెబుతుండగా ఆమె విన్నారు.

ఆ ముచ్చట్లలో ఒక కుంటి వృద్ధుని కథ ఉంది. చంకకర్రల సాయంతో ప్రదక్షిణం చేసే ఆ వృద్ధుడు, ఇంటివారికి తాను భారమయ్యానని తలచి, ఇక ఇల్లు విడిచి ఎటైనా పోదామని నిశ్చయించుకొంటాడు. దారిలో ఒక యువ బ్రాహ్మణుడు ఎదురై, నీకివి ఎందుకని కర్రలు లాగి విసిరివేస్తాడు. వృద్ధుడు కోపంతో బుసకొట్టబోయి, తాను కర్రలు లేకుండానే నిలబడి ఉన్నానని గ్రహిస్తాడు. ఈ కథను నమ్మడం, నమ్మకపోవడం చదువరి ఇష్టం. ఇంటివారికి భారమయ్యానన్న తలపు ఎటువంటిదో బాల్యంనుండీ ఎరిగిన స్త్రీ దానిని అక్షరబద్ధం చేసిందని గుర్తుంచుకొని చదివితే మాత్రం ఆ కథ మరొక విధంగా వినిపిస్తుంది.

ఆశ్రమంలో జరిగే సంగతులను ఉత్తరాలుగా రాయమని సోదరుడు కోరారు. 1945 నవంబరు 21న మొదటి లేఖ రాశారు. అక్కడినుండి 1950 వరకు రెండువందలకు పైగా లేఖలు సాగాయి. అవే శ్రీ రమణాశ్రమ లేఖలు.

లేఖ అనే ప్రక్రియ అప్పటికి తెలుగులో కొత్త కాదు. కనుపర్తి వరలక్ష్మమ్మ గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు రాసి పేరుపొందారు. అయితే వరలక్ష్మమ్మ లేఖలు లోకాన్ని ఉద్దేశించి కల్పించుకొన్న ఉత్తరాలు. నాగమ్మవి నిజంగా ఒక మనిషికి రాసిన ఉత్తరాలు. తాను గ్రంథరచన చేస్తున్నానన్న స్పృహ లేనందువల్ల ఆమె కలానికి సంకోచం కలుగలేదు. వితంతువు పుస్తకం రాస్తే నలుగురూ నొసలు చిట్లించే కాలంలో సోదరునికి ఉత్తరం రాస్తే కాదనేవారు ఎవరు?

ప్రబంధ వర్ణనలకు అలవాటుపడిన మాబోటివారికి ఆ వచనం మొదట మరీ సాదాగా తోస్తుంది. పది లేఖలు గడిచేసరికి అభిప్రాయం మార్చుకోక తప్పదు. వేదాంతచర్చ జరుగుతుండగానే ఒక ఉడుత మహర్షి ఆసనం మీదికి ఎక్కుతుంది. ఆయన జీడిపప్పు అందిస్తారు. చర్చ ఆగుతుంది, మళ్ళీ సాగుతుంది. నాగమ్మ రెంటినీ సమానమైన శ్రద్ధతో రాస్తారు. 1947లో బరోడానుండి తెల్లనెమలి వచ్చింది. 1948 జూన్ 18న లక్ష్మి అనే ఆవు కన్నుమూసింది. దాని చివరిగడియలలో మహర్షి దగ్గర కూర్చొని తల నిమిరారు. మనిషికి జరిపినట్లే దానికి సమాధి కట్టించారు. పండితులు రాసిన రమణచరిత్రలలో సిద్ధాంతం స్పష్టంగా ఉంటుంది. ఆ సిద్ధాంతాన్ని పలికిన మనిషి గోశాలలో ఎలా ఉండేవారో, నవ్వినప్పుడు ఎలా ఉండేవారో తెలుసుకోవాలంటే నాగమ్మ దగ్గరకు రావాలి.

లేఖలు మహర్షి సన్నిధిలోనే చదవబడ్డాయి. పేరు వచ్చింది. పేరుతోపాటు చిక్కూ వచ్చింది. ఈ రాతలు అవసరమా అని ఆశ్రమ నిర్వాహకులకు అభ్యంతరం కలిగింది. ఒక దశలో కొంతకాలం రాయడం ఆపవలసి వచ్చింది. నిర్వాహకుల పక్షాన కూడా కారణం లేకపోలేదు. మహర్షి మాటగా ప్రచారమయ్యే ప్రతి వాక్యానికీ ఆశ్రమం బాధ్యత వహించవలసి ఉంటుంది. కాని చిన్ననాటినుండి వద్దు, కూడదు అనే మాటలే వింటూ పెరిగిన మనిషికి, నలభయ్యేళ్ళు దాటాక దొరికిన ఒక్క పనినీ వద్దనడం ఎంత బాధ కలిగించి ఉండాలి! ఆమె ఎదిరించలేదు. ఆశ్రమం విడిచి వెళ్ళనూ లేదు. అడ్డు తొలగాక మళ్ళీ కలం పట్టారు.

1949లో మహర్షి ఎడమచేతి మీద పుట్టిన కంతికి నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. వ్యాధి తగ్గలేదు. ఆ ఏడాది లేఖలలో నాగమ్మ గొంతు మారుతుంది. వాక్యాలు పొట్టివవుతాయి. దర్శనం వేళలు, వైద్యుల రాకపోకలు, గది బయట వరుసగా సాగే జనం - ఇంతే. 1950 ఏప్రిల్ 14న రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి నిర్యాణం చెందారు. ఆ వేళకు ఒక పెద్ద వెలుగు ఆకాశంలో కొండవైపు మెల్లగా సాగిపోవడం చూశామని ఎందరో చెప్పారు. ఆ ఏడాదే గుడిపాటి వెంకటచలం తన వారితో అరుణాచలం వచ్చి స్థిరపడ్డారు. తెలుగు పాఠకులకు అరుణాచలం అనగానే చలం గుర్తుకు రావడం సహజమే. నాగమ్మ ఆయనకంటే తొమ్మిదేళ్ళు ముందే అక్కడ కాపురముండి, తన పనిలో ముఖ్యభాగాన్ని అప్పటికే పూర్తిచేశారన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు.

తరువాతి కాలంలో ఆమె తన ఆశ్రమజీవితాన్ని గురించి స్మృతులు కూడా రాశారు. లేఖలలో తనను గురించి చెప్పుకోవడానికి వెనుకాడిన రచయిత్రి, ఇందులో బాల్యాన్నీ, దుఃఖాన్నీ, అరుణాచలం చేరిన వైనాన్నీ, రాతకు ఎదురైన ఆటంకాలనూ దాపరికం లేకుండా చెప్పారు. ఎవరిమీదా నింద వేయలేదు. లేఖలను ఇంగ్లీషులోకి అనువదించింది మరెవరో కాదు, అవి ఎవరికి రాశారో ఆ డి.యస్. శాస్త్రిగారే. చెల్లెలు తనకు రాసిన ఉత్తరాలను ఆయన దేశదేశాల పాఠకులకు అందజేశారు. సూరి నాగమ్మ 1980లో మరణించారు.