మాన్షియర్ రేమండ్

మిషెల్ జోకిం మేరీ రేమండ్ (1755 - 1798 మార్చి 25) హైదరాబాదు రాజ్యాన్ని పాలించిన రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాధిపతి. మాన్షియర్ రేమండ్ అనే పేరుతో ప్రసిద్ధుడు. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందిన పెద్ద కాల్బలాన్ని నిజాముకు సమకూర్చాడు. దానికి కావలసిన ఫిరంగులను, మందుగుండును స్థానికంగానే తయారుచేయించాడు. హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ, మూసారాంబాగ్ ప్రాంతాల పేర్లు ఇతని మూలంగా ఏర్పడినవే.

తొలి జీవితం

రేమండ్ ఫ్రాన్సు దేశపు నైరుతి భాగంలోని గాస్కనీ ప్రాంతానికి చెందిన సెరిన్యాక్ అనే ఊరిలో ఒక వ్యాపారి కుటుంబంలో జన్మించాడు. 1775లో సోదరునితో కలిసి వ్యాపారం నిమిత్తం పుదుచ్చేరికి వచ్చాడు. కొద్దికాలంలోనే వ్యాపారం విడిచి సైనికవృత్తి చేపట్టాడు. మైసూరు పాలకుడు హైదర్ అలీ పక్షాన పనిచేస్తున్న ఫ్రెంచి దళంలో చిన్న అధికారిగా చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ రెండవసారి భారతదేశానికి వచ్చినపుడు అతని వద్ద పనిచేసి కెప్టెన్ హోదా పొందాడు. 1785లో బుస్సీ మరణించిన తరువాత, 1786లో నిజాం కొలువులో ప్రవేశించాడు.

సైన్య నిర్మాణం

రేమండ్ మొదట కూర్చుకొన్న దళంలో సుమారు 300 మంది మాత్రమే ఉండేవారు. వారికి సొంత తుపాకులు కూడా లేవు. ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్క తుపాకిని నెలకు ఎనిమిది అణాల అద్దెకు తీసుకొన్నట్లు ఆనాటి యూరోపియను సైనికుల చరిత్రలు తెలుపుతున్నాయి. పన్నెండేళ్ళలో ఈ దళం సుమారు 14,000 మందికి పెరిగింది. అద్దె తుపాకులతో ఇంత సైన్యాన్ని నడపడం సాధ్యం కాదు. ఆయుధాల తయారీపై రేమండ్ అంతటి శ్రద్ధ చూపడానికి కారణం ఇదే.

1795 మార్చిలో మరాఠాలతో ఖర్దా వద్ద జరిగిన యుద్ధంలో రేమండ్ దళాలు గట్టిగా పోరాడాయి. అయితే నిజాం ఖర్దా కోటలోకి వెనుదిరగడంతో యుద్ధం ఓటమిగా ముగిసింది. దివాను అరస్తు జాను మరాఠాలు పూణేకు బందీగా తీసుకొనిపోయారు. ఈ యుద్ధంలో ఆంగ్లేయులు తనకు సహాయం చేయలేదన్న ఆగ్రహంతో నిజాం వారి పటాలాలను పంపివేసి, ఫ్రెంచి దళాన్ని ఇంకా పెంచాడు. అదే సంవత్సరం నిజాం కుమారుడు ఆలీ జా బీదరులో తిరుగుబాటు చేయగా రేమండ్ అతనిని ఓడించి పట్టుకొన్నాడు. రాజధానికి తీసుకొని వస్తుండగా ఆలీ జా విషం తాగి మరణించాడు. రేమండ్‌కు నిజాం అజ్దర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. 1796లో ఆయుధ సామగ్రి అంతటికీ అధికారిగా నియమించాడు.

ఫిరంగుల కర్మాగారం

రేమండ్ హైదరాబాదులో ఫిరంగులు పోతపోసే కర్మాగారాన్ని 1786లో నెలకొల్పాడు. ప్రజలు దీనిని తోప్ కా సాంచా అని పిలిచేవారు. తోపు అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు. ఇదే తరువాత గన్‌ఫౌండ్రీ అయింది. ఇది ఫతే మైదాన్ సమీపంలో ఉన్నది.

ఆ కాలపు వ్రాతలలో ఇత్తడి ఫిరంగులని పేర్కొన్నవి చాలావరకు కంచువి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. ఫిరంగులకు వాడిన కంచులో సుమారు పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు రాగి, ఒక పాలు తగరం ఉండేవి. పోత ఇనుము చౌక, కానీ పెళుసు. కంచు ఖరీదైనదైనా తుప్పు పట్టదు, పేలుడు ఒత్తిడికి అంత సులభంగా పగలదు. పాడైన ఫిరంగిని కరిగించి మళ్ళీ పోతపోయవచ్చు.

ఆయుధాల తయారీలో ముఖ్యమైన సమస్య కొలత. గుండు గొట్టం కంటే పెద్దదైతే లోపలికి దిగదు. మరీ చిన్నదైతే పేలుడు వాయువు పక్కల నుండి తప్పించుకొని బలం తగ్గుతుంది, గురి తప్పుతుంది. ఫ్రాన్సులో గ్రిబోవాల్ 1765లో ప్రారంభించిన సంస్కరణలలో ఈ విషయానికి ప్రాధాన్యం ఇచ్చారు. ప్రతి గుండును రెండు ఇనుప కడియాలతో పరీక్షించేవారు. గుండు పెద్ద కడియంలో నుండి దూరిపోవాలి, చిన్న కడియంలో దూరకూడదు.

తుపాకులకూ ఇదే నియమం వర్తించేది. ఆనాటి ఫ్రెంచి సైనిక తుపాకి గొట్టం వ్యాసం సుమారు 17.5 మిల్లీమీటర్లు, ఆంగ్లేయులది సుమారు 19 మిల్లీమీటర్లు. కనుక ఒకరి తూటాలు మరొకరి తుపాకులకు సరిగా సరిపోవు. తూటా అంటే సీసపు గుండును, మందును కలిపి చుట్టిన కాగితపు పొట్లం. సిపాయి దాని కొనను పంటితో చించి, మందును గొట్టంలో పోసి, గుండును గజంతో దట్టించేవాడు. ఇత్తడి గుల్ల ఉన్న తూటాలు 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో కానీ విస్తారంగా వాడుకలోకి రాలేదు. ఆ ఇత్తడి గుల్ల పేలినపుడు వ్యాకోచించి తుపాకి గదిని మూసివేస్తుంది. దానిని మళ్ళీ నింపాలంటే అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తేవలసి ఉంటుంది. రేమండ్ కాలంలో కాగితపు పొట్లం ఒక్కసారికే ఖర్చయ్యేది. కనుక యుద్ధకాలంలో తూటాలు కట్టే పని నిరంతరం సాగవలసిందే.

మరణం, దళం రద్దు

1797లో పూణే నుండి తిరిగివచ్చిన అరస్తు జా ఆంగ్లేయుల స్నేహం వైపు మొగ్గు చూపాడు. 1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. విషప్రయోగం జరిగిందని అప్పట్లో కొందరు అనుమానించారు. అతని స్థానంలో పిరాన్ అనే అధికారి దళానికి నాయకుడయ్యాడు.

గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఫ్రెంచివారికి, టిప్పు సుల్తానుకు పొత్తు కుదురుతుందన్న భయంతో 1798 సెప్టెంబరు 1న నిజాముతో ఒప్పందం చేసుకొన్నాడు. దాని ప్రకారం ఫ్రెంచి దళం రద్దు కావలసి ఉంది. జీతాలు బకాయి పడడంతో సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులపైనే తిరగబడ్డారు. అక్టోబరు 22న ఆంగ్లేయ సైన్యం వారి విడిదిని చుట్టుముట్టింది. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, అతని సహాయకుడు జాన్ మాల్కం ఈ వ్యవహారం నడిపించారు. బకాయిలు ఇస్తామన్న హామీతో వేలాది సైనికులు కొద్ది గంటలలో రక్తపాతం లేకుండా ఆయుధాలు అప్పగించారు. పన్నెండేళ్ళపాటు ఫిరంగులు, మందుగుండు సమకూర్చుకొన్న సైన్యం జీతాలు అందక చెదిరిపోయింది. ఆ తరువాత హైదరాబాదు రాజ్యం రక్షణకై ఆంగ్లేయ సైన్యంపైనే ఆధారపడింది.

సమాధి, స్మృతి

రేమండ్ సమాధి నగరానికి తూర్పున ఆస్మాన్‌గఢ్ గుట్టపై ఉంది. సుమారు 7 మీటర్ల ఎత్తుగల నల్లరాతి స్తంభంపై అతని పేరులోని జె, ఆర్ అక్షరాలు చెక్కబడి ఉన్నాయి. పక్కనే గ్రీకు పద్ధతిలో కట్టిన స్తంభాల మంటపం ఉంది. ఇది 2001 అక్టోబరులో భారీ వర్షాలకు కూలిపోగా, పురావస్తు శాఖ పునర్నిర్మించి 2003లో తెరిచింది.

హిందువులు ఇతనిని మూసా రాం అని, ముస్లిములు మూసా రహీం అని పిలుచుకొన్నారు. మూసా అనేది మాన్షియర్ అన్న మాటకు వాడుక రూపం. రేమండ్ వర్ధంతినాడు సమాధి వద్ద ఉర్సు జరిపే ఆచారం 20వ శతాబ్దం వరకు కొనసాగింది. ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజగుట్టల మీదుగా వెళ్ళే మెట్రో రైలు మార్గంలో మూసారాంబాగ్ పేరుతో ఒక స్టేషను ఉంది. సమాధి ఆ స్టేషనుకు సమీపంలోనే ఉంది.