కాకినాడకు శరీరం ఇచ్చిన హాల్డేన్

రుషికొండ: బీచ్‌కు వచ్చినవాళ్లు ఎక్కి ఫొటోలు దిగే ఇక్కడి ఎర్రటి రాయి పేరు ఖోండలైట్. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి ఇది ఇలా మారి వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూ అయింది. ఇందులో శిలాజాలు వెతికినా దొరకవు. అప్పట్లో జీవం చాలావరకు సముద్రంలోనే, కంటికి ఆననంత చిన్నగా ఉండేది. ఆ జీవం అసలెలా మొదలై ఉంటుందో ఊహించి రాసిన ఒక ఇంగ్లిష్ శాస్త్రవేత్త, చివరికి తన శరీరాన్ని మన కాకినాడకు ఇచ్చేశారు. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్.

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. చదివింది లెక్కలు, గ్రీకు, లాటిన్. సైన్స్ డిగ్రీ లేనే లేదు. బీకాం చదివిన నాలాంటివాడికి ఈ సంగతి భలే నచ్చింది.

తొలినాటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, నీటి మీద సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పడి సేంద్రియ పదార్థాలు పుట్టాయని, తినే ప్రాణి లేక అవి సముద్రంలో పలుచని చారులా పేరుకున్నాయని 1929లో రాశారు. రష్యాలో ఒపారిన్ కూడా 1924లోనే ఇలాంటి ఆలోచన చెప్పాడు.

జీవులు నెమ్మదిగా మారతాయని డార్విన్ చెప్పాడు సరే, ఎంత నెమ్మదిగా? ఆ లెక్క కట్టినవారిలో హాల్డేన్ ముఖ్యులు. శిలాజాల్లో మార్పు వేగాన్ని కొలవడానికి 1949లో ఒక కొలమానం పెట్టి, దానికి 'డార్విన్' అనే పేరే ఇచ్చారు. అదంతా మన చక్రవడ్డీ లెక్కే. కాకపోతే ఇక్కడ వడ్డీ కట్టేది ఏడాదికి కాదు, పది లక్షల ఏళ్లకు! గుర్రాల పళ్ల శిలాజాలకు కడితే, ఆ పది లక్షల ఏళ్లకు వచ్చింది కొద్ది శాతమే. అంత తక్కువ వడ్డీ కూడా కోట్ల ఏళ్లు నడిస్తే, కుక్కంత జంతువు గుర్రమైంది.

1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశారు. కుర్తా వేసుకున్నారు, 1961లో భారత పౌరుడయ్యారు, మరుసటేడు భువనేశ్వర్‌కు మారారు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. ఈయనా, డాక్టర్ మీరాఖాన్ కలిసి ఆంధ్రలో దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్ల ప్రభావాన్ని పరిశీలించి 1963లో ప్రచురించారు. మేనరికమైనా, మన ఇళ్లలో చిన్నాన్న పిల్లలతో సంబంధమైనా పెద్దలు ఇప్పటికీ మాట్లాడని విషయమిది.

1964 డిసెంబర్ 1న క్యాన్సర్‌తో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఆయన కోరిక ప్రకారం శరీరం రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. కాలేజీ పెట్టి అప్పటికి ఆరేళ్లే.