జాన్ బ్రౌనింగ్: రివాల్వరా, పిస్టలా?

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకి రివాల్వర్ అయినా పిస్టల్ అయినా ఒకటే మాట. మనం తుపాకీ అంటాం, వాళ్ళు తుప్పాక్కి అంటారు. నిజానికి రెండూ వేరు వేరు యంత్రాలు. ప్రాణం కాపాడుకోవడానికి దగ్గర ఉంచుకోవాలంటే ఏది మంచిది అన్న వాదన వందేళ్ళు దాటినా తేలలేదు. ఆ వాదన పుట్టడానికి ముఖ్య కారణం జాన్ మోజెస్ బ్రౌనింగ్. తుపాకులంటే నాకేమీ మోజు లేదు. కానీ ఈయన జీవితం చదివాక ఆ వాదన ఎందుకు తేలదో నాకు అర్థమైంది.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికాలోని యూటాలో, ఆగ్డెన్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి జొనాథన్ తుపాకులు చేసేవారు, పాడైనవి బాగుచేసేవారు. ఆ కొట్లోనే, ఇనుప ముక్కల మధ్య ఈయన పెరిగారు. బడి చదువు తక్కువ, చేతిపని ఎక్కువ. 1879లో తండ్రి పోయారు. అదే ఏడాది ఈయనకి రేచల్‌తో పెళ్ళయింది, ఒక రైఫిల్‌కి మొదటి పేటెంటూ వచ్చింది. తమ్ముళ్ళతో కలిసి ఆ రైఫిళ్ళు చేసి అమ్ముకుంటుంటే, 1883లో వించెస్టర్ కంపెనీ మనిషి అంత దూరం వచ్చి 8,000 డాలర్లకి హక్కులు కొనుక్కెళ్ళాడు. అప్పట్నుంచి కొత్తవి కనిపెట్టడం ఈయన పని, తయారుచెయ్యడం కంపెనీల పని.

ఆ రోజుల్లో చేతి తుపాకీ అంటే రివాల్వరే. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో దానికి పేటెంటు తీసుకున్నారు. అందులో గుండ్లు పెట్టే గుండ్రటి దిమ్మ ఉంటుంది, దానికి ఐదో ఆరో గదులుంటాయి. కాల్చినప్పుడల్లా అది ఒక గది చొప్పున తిరుగుతుంది. తిప్పే బలం మన చేతిదే.

1889లో ఒకరోజు తుపాకీ పేలినప్పుడు ఆ గాలికి గొట్టం ముందున్న గడ్డి పక్కకి ఒరగడం బ్రౌనింగ్ చూశారు. ఇంత బలం ఊరికే పోతోంది కదా, దీన్ని పనిలో పెడితే ఏం అని ఆలోచించారు. ముందు మెషిన్ గన్ చేశారు, తర్వాత పిస్టల్ మీద పడ్డారు. పిస్టల్‌లో వెనక్కి తన్నే బలంతోనే పైనున్న స్లైడ్ జరిగి, ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగ్ తోస్తే మళ్ళీ ముందుకొస్తూ పిడిలో ఉన్న మాగజీన్ నుంచి ఇంకో గుండుని ఎక్కించుకుంటుంది. బెల్జియంలో ఎఫ్‌ఎన్ కంపెనీ ఈయన పిస్టళ్ళు చేసింది. అవి ఎంత అమ్ముడుపోయాయంటే ఫ్రెంచి వాళ్ళు పిస్టల్‌నే బ్రౌనింగ్ అనేవారు.

ఇటు ఫిలిప్పీన్స్ యుద్ధంలో తమ .38 రివాల్వర్లు ఎదుటివాళ్ళని ఆపలేకపోతున్నాయని అమెరికా సైనికులు మొర పెట్టుకున్నారు. దాంతో సైన్యం పెద్ద .45 గుండు కాల్చే పిస్టల్ కోసం వెతికింది. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో బ్రౌనింగ్ పిస్టల్ 6,000 గుండ్లు ఒక్కసారీ మొరాయించకుండా కాల్చింది. సైన్యం దాన్నే తీసుకుని 70 ఏళ్ళకి పైగా వాడింది.

మరి రివాల్వర్ ఎందుకు మూలపడలేదు? సైనికుడికి శిక్షణ ఉంటుంది, ఆయుధాన్ని రోజూ శుభ్రం చేసుకునే అలవాటు ఉంటుంది. ఇంట్లో మనిషికి అవి ఉండవు. రివాల్వర్‌లో ఒక గుండు పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, తర్వాతది వస్తుంది. పిస్టల్ ఇరుక్కుంటే రెండు చేతులా స్లైడ్ లాగి సరిచెయ్యాలి, అదీ భయంతో చేతులు వణుకుతున్నప్పుడు. మాగజీన్ తీసేసినా లోపల ఒక గుండు మిగిలి ఉండొచ్చు, అది మరిచిపోతే ఇంట్లోవాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. రివాల్వర్ దిమ్మ తెరిస్తే అన్ని గదులూ కనిపిస్తాయి. అలాగని దానికి లోపాలు లేవా? ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, గుండ్లు తక్కువ, మళ్ళీ నింపడం ఆలస్యం. పిస్టల్ పల్చగా ఉంటుంది, ఎక్కువ గుండ్లు పడతాయి, మాగజీన్ మార్చడం క్షణం పని.

2014లో కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని నిర్భీక్ తెచ్చినప్పుడు అదీ .32 రివాల్వరే. బరువు అరకేజీ, ధర లక్ష దాటింది. లైసెన్సు వేరే తెచ్చుకోవాలి.

బ్రౌనింగ్ చేసినవి ఎవరెవరి చేతుల్లోకో వెళ్ళాయి. 1914 జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు దంపతుల్ని చంపింది ఈయన పిస్టలే. ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఈయన పేరు మీద 128 పేటెంట్లున్నాయి. 1926 నవంబర్ 26న బెల్జియంలోని లీజ్‌లో, ఫ్యాక్టరీలో కొడుకు వాల్ ఆఫీసులోనే గుండె ఆగి పోయారు. సగంలో ఉన్న వేట తుపాకీ పని కొడుకే పూర్తిచేశాడు. తర్వాత నాలుగేళ్ళకి, 1931 ఫిబ్రవరి 27న, అలహాబాద్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ ఒక్కడే పోలీసులతో పోరాడినప్పుడు ఆయన చేతిలో ఉన్న కోల్ట్ పిస్టల్ కూడా బ్రౌనింగ్ రూపొందించిందే. ఇప్పుడది అలహాబాద్ మ్యూజియంలో ఉంది.

ఏది మంచిది అంటే నా సమాధానం ఇది. వదలకుండా సాధన చేసేవాళ్ళకి పిస్టల్, అంత తీరిక లేనివాళ్ళకి రివాల్వర్. అసలు సాధనే చెయ్యనివాళ్ళకి ఏదీ వద్దు. ఆడపిల్లలు తుపాకీ పెట్టుకుంటే సరిపోతుంది అనేవాళ్ళు ఈ మూడోమాట ఎప్పుడూ చెప్పరు. బ్రౌనింగ్ ఈ పిస్టళ్ళ పిడి వెనక ఒక మీట పెట్టారు. చెయ్యి గట్టిగా పట్టుకుంటే తప్ప అవి పేలవు. పట్టుకున్నది ఎవరి చెయ్యో మాత్రం ఆ మీటకి తెలీదు. మీరేమంటారో కింద అంటించిన తెల్లకాగితం మీద రాయండి.